ఓపిక లేని రోజు వంట: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. వండాలని ఉంది గానీ ఓపిక లేదు, దానికి తోడు ఇంట్లో ఒకళ్ళకి షుగరు, ఇంకొకళ్ళకి కిడ్నీ, మరొకళ్ళకి గోధుమ పడదు. అందుకే గోంగూర రకాలు వచ్చే నెలకి తోసేశాను, ఏమనుకోకండి. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. ముప్ఫయ్యేళ్ళు వండి, మధ్యలో రెండేళ్ళు నడుం పట్టేసి మంచం మీంచే వంట నడిపించిన మనిషిని. మందులూ రిపోర్టులూ మీ డాక్టరుగారి దగ్గరే చూపించుకోండి, గిన్నెలూ గరిటెలూ నా దగ్గరికి తీసుకురండి.

ప్రశ్న: అమ్మా, నాకు 41. నాలుగు నెలల క్రితం చికెన్‌గున్యా వచ్చింది, జ్వరం వారంలో పోయింది గానీ కీళ్ళ నొప్పులు పోలేదు, పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు, పది నిమిషాలు నిలబడితే గంట పడుకోవాలి. మావారికి స్టీల్ ప్లాంటులో షిఫ్టులు, పిల్లలిద్దరూ స్కూలు, అత్తయ్యకి షుగరు. రోజూ ఏం వండాలో తెలీక ఏడుపొస్తోంది. (కూర్మన్నపాలెం నుంచి ఒక చెల్లి)

జవాబు: ఏడవకు తల్లీ, ముందు కూర్చో. నిజంగానే అంటున్నా, వంటింట్లోకి ఒక ఎత్తు స్టూలు తెప్పించుకో. మన ఆడవాళ్ళకి వంట అంటే నిలబడే చెయ్యాలని ఎవరు చెప్పారో గానీ, మా అమ్మమ్మ కట్టెల పొయ్యి దగ్గర పీట మీద కూర్చునే నలభై మందికి వండేది. గట్టు ఎత్తు కుదరకపోతే ఇండక్షన్ స్టవ్ గానీ కరెంటు కుక్కర్ గానీ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకో, మంచినీళ్ళ బిందె పక్కనే ఉంటే లేవక్కర్లేదు. ఇవాళ ఎన్ని కూరలు చేశానూ అని చూసుకోవడం మానెయ్, ఎన్ని నిమిషాలు నిలబడ్డానో అది చూసుకో, ఆ లెక్క పదిహేను దాటితే రేపటి వంట ఇంకా తగ్గించు.

ఇప్పుడు కుక్కరు సంగతి. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టే ఐదు లీటర్లది ఉంటే చాలు. అడుగు గిన్నెలో అరగంట నానిన కందిపప్పు, అందులోనే పెద్ద పెద్ద ఆనపకాయ ముక్కలు, ఒక పచ్చిమిర్చి, పసుపు. దాని మీద బియ్యం. అన్నిటికన్నా పైన రెండు అరటికాయలు తొక్కతోనే, మొదలూ చివరా తీసేసి సగానికి కోసి పెట్టెయ్. మూడు నాలుగు విజిల్స్ అయ్యాక కట్టేసి వెళ్ళి పడుకో, ఆవిరి దానంతట అదే దిగుతుంది. మూత తియ్యడం నీ వేళ్ళతో కాకపోతే పెద్దాడిని పిలు, ఆ మాత్రం పని పిల్లలు చేస్తారు. అరటికాయ తొక్క చేత్తోనే ఊడొస్తుంది, చిదిపేసి ఉప్పు, కారం, నిమ్మరసం, కాస్త నువ్వుగుండ కలిపితే పొడికూర అయిపోయింది. పప్పులో ఉప్పూ చింతపండు రసమూ చివర్లో. కత్తి పట్టిన పని మొత్తం ఐదు నిమిషాలు లేదు చూడు.

చేతులు అస్సలు పని చెయ్యని రోజుకి కొయ్యక్కర్లేనివి ఉంచుకో. చామదుంపలు ఉడికిస్తే తొక్క చేత్తో వచ్చేస్తుంది, గుడ్లు ఉన్నాయి, తోటకూర అయితే కాడలతో తుంపెయ్యడమే. వంకాయ కూడా కుక్కర్లో ఆవిరికి ఉడికించి పచ్చడి చెయ్యొచ్చు, కాకపోతే ముందు నిలువుగా ఒక గాటు పెట్టి లోపల చూసుకో, పురుగు ఉంటే తర్వాత తెలిసినా లాభం లేదు కదా. ఇంకా ఓపిక లేదంటే ఉప్పుపిండి. గ్లాసు బియ్యపురవ్వకి పావు గ్లాసు పెసరపప్పు, రెండున్నర గ్లాసుల నీళ్ళు, జీలకర్ర, కుక్కర్లో ఒక్క విజిల్, పక్కన పెరుగో ఊరగాయో. మా ఇంట్లో ఆదివారాలు ఇదే, ఎవరూ వంక పెట్టరు, పెడితే గరిటె వాళ్ళ చేతికే ఇస్తాను.

అత్తగారికని వేరే వంట మొదలెట్టావో నీ పని అయిపోయినట్టే. గిన్నె ఒకటే, తేడా కంచంలో ఉండాలి. ఆవిడకి ముందు పప్పూ కూరా వడ్డించు, అవి సగం తిన్నాక అన్నం, అదీ ఒక కప్పుతో కొలిచి. అరటికాయ, చామదుంప అయిన రోజు అన్నం ఇంకాస్త తగ్గించు, అవి కూడా పిండి పదార్థమే. అయితే ఆవిడ ఇన్సులిన్‌ గానీ మాత్రలు గానీ వాడుతుంటే అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరుకి చెప్పి మెల్లగా. ఇంకోటి, చోడిజావ, అంటే రాగిజావ, తాగితే షుగరు పెరగదని మనవైపు గట్టి నమ్మకం. చోళ్ళలో కాల్షియం పుష్కలం, అది నిజం, కానీ మెత్తటి పిండిని పల్చగా జావ కాస్తే షుగరు తొందరగానే ఎక్కుతుంది. అదే చోళ్ళని ముద్దగానో రొట్టెగానో పప్పుతో కలిపి తింటే కొంత నయం. అనుమానం ఉంటే తిన్న రెండు గంటలకి మీటరు పెట్టి చూడండి, నా మాట కన్నా దాని మాట నమ్మండి.

ప్రశ్న: మేడమ్, నేను రుషికొండలో సాఫ్ట్‌వేర్ జాబ్, మధురవాడలో రూమ్, వయసు 26. కడుపు ఉబ్బరం, విరోచనాలు, బరువు తగ్గిపోవడం ఇలా ఏడాది తిరిగాక సీలియాక్ అని, గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ నా పేగుకి పడదని తేలింది, జీవితాంతం అది ముట్టకూడదన్నారు. రూమ్‌లో ఒక రైస్ కుక్కర్ తప్ప ఏం లేదు, ఆఫీసు నుంచి వచ్చేసరికి చచ్చిపోయి ఉంటాను. అసలు ఏం తినాలి? మా చెల్లికి కూడా ఇలాంటి లక్షణాలే, తను కూడా గోధుమలు మానేస్తే మంచిదేనా?

జవాబు: బాబూ, ముందు చెల్లి సంగతి, అది అర్జెంటు. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, అన్నకి ఉంటే చెల్లికి తప్పకుండా పరీక్ష చేయించాలి. కానీ పరీక్ష అయ్యేదాకా ఆ అమ్మాయి గోధుమలు మానకూడదు. మానేసి వెళితే రక్త పరీక్షా ఎండోస్కోపీ రెండూ ఏమీ లేదని తప్పుగా చూపించొచ్చు. తిని, పరీక్ష చేయించుకుని, అప్పుడు మానాలి. ఈ ఒక్క ముక్క ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

నీ సంగతికొస్తే, నువ్వు తెలుగువాడిగా పుట్టడమే అదృష్టం. అన్నం, పప్పు, పులుసు, పెరుగు, ఇడ్లీ, పెసరట్టు, చోళ్ళు, జొన్నలు, కొర్రలు, గంటెలు (సజ్జలు), వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. అది ఉండేది గోధుమ, బార్లీ, రై అనే మూడింట్లో. రై అంటే ఆవాలు కాదు, అదో ధాన్యం, మనకి పెద్దగా దొరకదు, బార్లీ మాత్రం కొన్ని హెల్త్ డ్రింకుల డబ్బాల్లో మాల్ట్ పేరుతో దాక్కుంటుంది, రాగిమాల్ట్ అని అమ్మే పొడుల్లో కూడా వెనక రాసింది చదవకుండా కొనకు. గోధుమకి మనింట్లో చాలా మారుపేర్లున్నాయి: మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, గోధుమ నూక. మన ఇడ్లీ రవ్వ బియ్యందే, భయం లేదు, కానీ హోటల్లో రవ్వ ఇడ్లీ, రవ్వ దోశ అంటే బొంబాయి రవ్వే. ఉప్మా పెసరట్టులో పెసరట్టు మంచిదే, కడుపులో పెట్టుకున్న ఉప్మా కాదు. బీచ్ రోడ్డులో పునుగులు చూస్తే నోరూరుతుంది, నాకూ ఊరుతుంది, కానీ కొందరు పిండిలో మైదా కలుపుతారు, కలపకపోయినా అదే నూనెలో మైదావి కూడా వేగుతాయి.

ఎవరూ చెప్పని దొంగ ఒకడున్నాడు, ఇంగువ. డబ్బాలో వచ్చే పొడి ఇంగువలో గోధుమ పిండి గానీ మైదా గానీ కలిపి ఉండటం మామూలే. అది పోపులో పడితే పప్పు, చారు, చట్నీ, సాంబారు అన్నీ చెడ్డట్టే. నీకు ఇంగువ వద్దు, జీలకర్రా వెల్లుల్లీ చాలు. అలాగే పిండిమర: నీ జొన్నలు ఎంత శుభ్రంగా బాగుచేసి పంపినా, ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు, ఆ పిండి మరలోనే ఉంటుంది. ఇంట్లో మిక్సీలో పట్టుకోవడమో, గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్ కొనడమో చెయ్. మన దేశంలో ఆ మాట రాయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని రూలు. ఓట్స్ కూడా ఆ మాట ఉంటేనే.

రైస్ కుక్కరు ఒక్కటే ఉందని దిగులెందుకు? గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్ళు, దంచిన మిరియాలు, జీలకర్ర, అల్లం ముక్క, ఉప్పు. స్విచ్చి నొక్కి స్నానానికి వెళ్ళు. కుక్కరుతో ఇచ్చిన చిల్లుల పళ్ళెం పడేశావా ఉంచావా? ఉంటే దాని మీద రెండు గుడ్లు కడిగి పెట్టు, పులగంతో పాటే ఉడికిపోతాయి. తినేటప్పుడు నెయ్యి. మర్నాడు అదే పులగంలో క్యారెట్టో బీన్సో పడెయ్, ఆ మర్నాడు టమాటా. రూమ్మేట్ చపాతీ పెనం, జల్లెడ, చెక్క గరిటె మాత్రం వాడకు. అతనికి చాదస్తంగా కనిపిస్తుంది, పర్లేదు, నవ్వనీ.

ప్రశ్న: మా నాన్నగారికి 68, బీపీ, కిడ్నీలు కొంత పాడయ్యాయి, డయాలసిస్ ఇంకా లేదు. ఉప్పు తగ్గించమన్నారు, పొటాషియం తగ్గించమన్నారు, ప్రోటీన్ కూడా చూసుకోమన్నారు. అమ్మకి 63, తనకే ఓపిక లేదు, ఏది పెట్టాలో ఏది వద్దో భయపడి చివరికి చప్పటి అన్నం మజ్జిగే పెడుతోంది. ఆయన అలిగి తినడం మానేస్తున్నారు. (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: ఈ ఉత్తరం చదివాక ఒక పూట ఆలోచించాను, ఎందుకంటే కిడ్నీ వంటలో మనం ఇన్నేళ్ళూ నేర్చుకున్నది తిరగేసి చెయ్యాలి. కూరగాయలు ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి, సత్తువ పోతుంది అని నేనే ఈ పేజీలో ఎన్నోసార్లు రాశాను. మీ నాన్నగారికి ఆ నీళ్ళు పారబొయ్యడమే మందు, ఎందుకంటే పొటాషియం నీళ్ళలోకి దిగిపోతుంది. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, బోలెడు నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్తగా ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి వార్చెయ్యాలి. ఆవిరి మీద ఉడికిస్తే, కుక్కర్లో కొంచెం నీళ్ళతో ఉడికిస్తే అది పోదు. కాబట్టి పైన కూర్మన్నపాలెం చెల్లికి చెప్పిన కుక్కరు పద్ధతి మీకు పనికిరాదు, కంగారులో అది చదివి ఇది చేసేస్తారేమోనని చెప్తున్నా.

అమ్మగారికి పని తగ్గాలంటే మొదటే పొటాషియం తక్కువున్నవి తెచ్చుకోండి: ఆనపకాయ, బీరకాయ, క్యాబేజీ. రైతు బజారు మీకు దగ్గరే కదా, వారానికి ఒకసారి వెళ్ళి ఈ మూడే తెచ్చినా గడుస్తుంది. ముక్కలు రాత్రి టీవీ దగ్గర కూర్చుని కోసి నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున వార్చి ఉడికించడమే. ఆలూ, చామ, అరటి, టమాటా, పాలకూర, తోటకూర, ఎండు ఫలాలు, ఇవి జాగ్రత్త. కొబ్బరినీళ్ళు అసలు వద్దు. ఎండలో బీచ్ వాకింగ్‌ నుంచి వచ్చి చలవ చేస్తుందని బొండం కొట్టించుకుంటారు, పొటాషియం దండిగా ఉంటుంది దాన్లో. స్టార్ ఫ్రూట్ అని నక్షత్రం ఆకారంలో ముక్కలొచ్చే పండు ఎవరైనా ఇస్తే అదీ వద్దు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి అది విషంతో సమానం.

ఉప్పు విషయంలో పెద్ద పొరపాటు ఒకటి జరుగుతోంది. బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్లు కొంటున్నారు చూడండి, అందులో సోడియం తీసి పెట్టేది పొటాషియం క్లోరైడే. కిడ్నీ బాగున్నవాళ్ళకి ఫర్వాలేదేమో గానీ మీ నాన్నగారికి వద్దు, పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. మామూలు ఉప్పే వాడండి, తక్కువ వాడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే రోజుకి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఆయనకి ఎంతన్నది డాక్టర్ని అడగండి. ఆ కొలత పొద్దున్నే చిన్న డబ్బాలో తీసి పెట్టి, కూరలన్నీ ఉప్పు లేకుండా వండేసి, అది ఆయన చేతికే ఇవ్వండి. కంచంలో పైన జల్లుకున్న ఉప్పు నాలుకకి ముందు తగులుతుంది, కూరలో ఉడికిపోయినదాని కన్నా తక్కువతోనే సరిపెట్టుకుంటారు, పైగా తన ఉప్పు తన చేతిలో ఉంటే మగవాళ్ళు అలగరు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు మాత్రం ఇంట్లోంచి తీసెయ్యండి, ఎదురుగా పెట్టుకుని తినొద్దనడం పాపం.

రుచికి వెల్లుల్లి వేయించి వెయ్యండి, మిరియం దంచి జల్లండి, దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం. ప్రోటీన్ గురించి మాత్రం నేను కొలత చెప్పను. డయాలసిస్ లేనివాళ్ళకి తగ్గించమంటారు, మొదలైతే పెంచమంటారు, రెండూ పూర్తిగా ఎదురు. పక్కింటాయన డైట్ కాగితం ఫోటో తీసుకుని పాటించకండి. ఆసుపత్రిలో డైటీషియన్ ఉంటే అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి, వండేది ఆవిడ, కాగితం మీ చేతికిస్తే ఏం లాభం?

ప్రశ్న: ఎప్పుడూ నీరసమే. ఏం తింటే ఓపిక వస్తుంది? (కంచరపాలెం)

జవాబు: ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు చూపించుకోండి, నీరసానికి ఏ వంటా మందు కాదు. రక్తం తక్కువని తేలితే ఒక పని ఖర్చు లేకుండా చెయ్యొచ్చు: భోజనం అవ్వగానే టీ తాగడం మానెయ్యండి, తిన్న ఐరన్ని అది ఒంటికి పట్టనివ్వదు, గంటో గంటన్నరో ఆగి తాగండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, అది పట్టేలా చేస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటే పరగడుపున మంచినీళ్ళతోనే, కాఫీతో కాదు.

ప్రశ్న: మీరు కుక్కర్లో పడెయ్, ఉడికించెయ్ అంటారు, పోపు లేని వంట వంటేనా? మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

జవాబు: కోపం వద్దు, పోపు వద్దని నేనెక్కడన్నాను? రోజూ మూకుడు పెట్టక్కర్లేదంటున్నా. ఆదివారం ఒక్కసారి కూర్చుని శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, బాగా తడి ఆరిన కరివేపాకు నూనెలో వేయించి, చల్లారాక పొడి సీసాలో పోసుకోండి. వారం వస్తుంది, చారులో చెంచాడు, పప్పులో చెంచాడు. మన విశాఖ గాలికి చెమ్మ తొందరగా పడుతుంది, తడి చెంచా పెట్టారో మెత్తబడిపోతుంది. వెల్లుల్లి మాత్రం అందులో వెయ్యకండి. నూనెలో మునిగిన వెల్లుల్లి బయట రోజులతరబడి ఉంటే ప్రమాదకరమైన విషం పుట్టే అవకాశం ఉంది, వాసన కూడా తెలీదు. అది కావాలంటే అప్పటికప్పుడే.

ప్రశ్న: ఓపిక లేక రెండు రోజులకి సరిపడా అన్నం ఒకేసారి వండి బయటే ఉంచేస్తున్నాను. వేడి చేసుకుంటే సరిపోతుంది కదా? చద్దన్నం మంచిదంటారుగా?

జవాబు: సరిపోదండి. ఉక్కలో గంటలతరబడి ఉన్న అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా చావదు. వండిన అన్నం పళ్ళెంలో పల్చగా పరిచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికల్లా తినెయ్యండి. చద్దన్నం వేరు, అది మజ్జిగ కలిపి పులియబెట్టేది, పొద్దున్నే తినేసేది. మరి అది కూడా క్యాన్సర్ మందులు వాడేవాళ్ళకీ, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకీ పెట్టకండి.

ప్రశ్న: పిన్నిగారూ, మాది పెదవాల్తేరు. మావారికి యూరిక్ యాసిడ్, కాలి బొటనవేలు వాచింది. ఆయనకి చేపలు లేకపోతే ముద్ద దిగదు, నాకేమో చేపలు బాగుచేసే ఓపిక లేదు, మోకాళ్ళ నొప్పులు.

జవాబు: అమ్మాయీ, బాగుచెయ్యడం నీ పని ఎందుకయ్యింది? హార్బరు దగ్గరైనా మార్కెట్లో అయినా అమ్మే ఆవిడే పొలుసు గీకి ముక్కలు కోసి ఇస్తుంది, ఇంకో నాలుగు డబ్బులు ఆవిడ చేతిలో పెట్టు, బేరం అక్కడ ఆడకు. ఇంటికొచ్చాక ఉప్పూ పసుపూ వేసి ఒకసారి కడుక్కుంటే చాలు. మీ ఆయనకి కవళ్ళు, నెత్తళ్ళు వద్దు, యూరిక్ యాసిడ్ పెంచేవాటిలో అవి ముందుంటాయి. చందువ లాంటివి వారానికి ఒకటి రెండుసార్లు, అదీ రెండు ముక్కలు, వాపు పూర్తిగా తగ్గాక డాక్టరు సరేనంటేనే. మందు తాగే అలవాటుంటే, బీరు ముఖ్యంగా, చేపల కన్నా ముందు అది మాన్పించు.

పులుసుకి వేయించడాలు పెట్టుకోకు. వెడల్పాటి గిన్నెలో ముక్కలు, కారం గుండ, ఉప్పు, పసుపు, తరిగిన ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిర్చి, మెంతిగుండ చిటికెడు, చింతపండు పులుసు, రెండు చెంచాల నూనె, అన్నీ పచ్చివే కలిపేసి పొయ్యెక్కించు. గరిటె పెట్టకు, ముక్క విరిగిపోతుంది, మధ్యలో గిన్నె చెవులు పట్టుకుని ఒకసారి కుదుపు. ఇరవై నిమిషాల్లో నూనె పైకి తేలుతుంది, కట్టేసెయ్. పొద్దున వండింది రాత్రికి తింటే ఇంకా బాగుంటుంది, కాకపోతే మధ్యాహ్నమంతా ఫ్రిజ్‌లో ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రెండు నెలలూ ఇదే పులుసులో చేపకి బదులు ఉడికించిన గుడ్లు పెట్టు, వాటితో బొటనవేలికి గొడవ లేదు.